మూడో కోటు

పని ఇంకా అవలేదంటూ తండ్రి పడవను నీళ్ళలోకి దించడానికి వచ్చిన క్రేనును మళ్ళీ వెనక్కి పంపేశాడు. కూతురికి ఒళ్ళు మండిపోయింది. పడవ మొన్ననే నీళ్ళలోకి దిగాల్సింది. ఒంటరిగా సముద్రం దాటాలని ఆమె మూడేళ్ళుగా కాచుకుని ఉంది. అనుకూలమైన గాలి మరో రెండు రోజులే ఉంటుందట.

తండ్రి ముప్పై ఏళ్ళుగా పడవలకు రంగులు వేస్తున్నాడు. ఈ తెరచాప పడవ అడుగున పేరుకున్న గుల్లల్నీ పాత రంగునీ కొయ్య కనిపించేదాకా గీకేశాడు. మళ్ళీ గుల్లలు పట్టకుండా ఎర్ర రంగు రెండు కోట్లు వేశాడు. అక్కడితో ఆగలేదు. అరచేత్తో అంగుళం అంగుళం తడమడం, "ఇక్కడ సరిగ్గా అంటలేదు" అంటూ గరుకు కాగితంతో రుద్దడం, మళ్ళీ పూయడం.

"నన్ను పంపడం ఇష్టం లేకపోతే ఆ ముక్క చెప్పు నాన్నా. ఈ సాకులెందుకు?"

"సాకు కాదే తల్లీ. నడిసముద్రంలో నా పని నిన్ను మోసం చెయ్యకూడదు. ఇదొక్క కోటూ వెయ్యనీ."

పొద్దున తానే కొట్టుకు వెళ్ళి తెచ్చిన కొత్త డబ్బాలో బ్రష్షు ముంచాడు. ఆమె కాలుగాలిన పిల్లిలా పడవ చుట్టూ తిరుగుతూ ఒక్కసారిగా ఆగిపోయింది.

"నాన్నా, ఎర్రదాని మీద నల్లది పూస్తున్నావేంటి?"

తండ్రి డబ్బాను మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు. ఒక కన్ను మూసి చూశాడు. రెండోది మూసి చూశాడు.

"నల్లదా?" అన్నాడు మెల్లగా.

ఎన్నాళ్ళ నుంచని ఆమె అడగలేదు. ఇంకో బ్రష్షు తీసుకుని, అదే డబ్బాలో ముంచి, అతని పక్కన నిలబడింది.

"నల్లదే బావుంది నాన్నా. అంతా నల్లదే వేసేద్దాం."