అయిదింటి తాళం

గంట్యాడ దాటాక విజయనగరం వెళ్లే బస్సు ఆగిపోయింది.

ఇంజన్లోంచి పొగ వస్తోంటే ఒక్కొక్కరూ గొణుక్కుంటూ దిగారు. అనూరాధ మాత్రం దిగలేదు. ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, తన ఫోన్ని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పుతోంది. సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు.

అనూరాధ విజయనగరంలో ఒక డిగ్రీ కాలేజీ లెక్చరర్. అక్కడ పిల్లలు అసైన్‌మెంట్లు పెట్టేదీ, టీచర్లు మార్కులు వేసేదీ ఆన్‌లైన్లోనే. ఏడాదిని మూడు గ్రేడింగ్ పీరియడ్లుగా విడగొట్టారు. మొదటి పీరియడ్ ఇవాళ అయిదింటికి మూతపడుతుంది. ఆ తర్వాత దానికి తాళం. అసైన్‌మెంట్ గానీ మార్కు గానీ ఎక్కదు. ప్రిన్సిపాల్ కూడా తెరవలేడు.

పిల్లలకి భయం ఉండాలని స్టాఫ్ మీటింగులో పట్టుబట్టి ఆ తాళం పెట్టించింది అనూరాధే.

గడువు నెల ముందే చెప్పారు. అయినా ఆవిడ మార్కులు వేసే పని చివరి రోజుకి పెట్టుకుంది. ఇవాళేమో శృంగవరపుకోటలో చుట్టాల గృహప్రవేశం. భోజనాలు ఆలస్యం. ఇప్పుడీ బస్సు.

"నెట్ లేదా మేడమ్?"

ముందు సీట్లో దిగకుండా కూర్చున్న మనిషి వెనక్కి తిరిగాడు. యాభై ఏళ్లుంటాయి. చొక్కా నిండా సిమెంటు మరకలు.

"లేదండీ. నలభై మంది పిల్లల మార్కులు ఎక్కించాలి. అయిదు దాటితే అందరికీ సున్నాలే!"

"అమ్మో! పిల్లలకే? నా ఫోన్లో ఉన్నాది, వాడుకోండి."

హాట్‌స్పాట్ ఎలా పెట్టాలో అతనికి తెలీదు. ఫోన్ లాక్కుని ఆవిడే పెట్టుకుంది. లోపల సిగ్నల్ నిలవకపోతే అతను చెయ్యి కిటికీలోంచి బయటికి చాపి, ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు.

మార్కులు ఒక్కొక్కటే ఎక్కుతున్నాయి.

ఇంతలో వెనక బస్సొచ్చింది.

"అందరూ ఇందులోకి వచ్చీండి, బేగి!" కండక్టర్ కేకేశాడు.

అతను ఆ బస్సుకేసి చూశాడు.

"మేడమ్, అందులో ఎక్కి సేసుకుంటే అవదా?"

"బస్సు కదిలితే సిగ్నల్ తెగిపోతుంది. సగంలో ఉన్నాను."

"నేను బేగి ఇంటికెళ్లాలి మేడమ్..."

"నలభై మంది పిల్లల సంగతండీ! కాస్త ఆగలేరా?"

"సర్లెండి, కానీండి" అని చెయ్యి మళ్లీ బయటికి చాపాడు. బస్సు వెళ్లిపోయింది.

ఈ మనిషికి పెద్ద పనులేం ఉంటాయిలే అనుకుంది అనూరాధ.

చివరికి ఒక్క పేరు మిగిలింది.

"ఫైనలియర్ బీకాంలో ఈ శ్రావణి ఒకత్తి!" పైకే విసుక్కుంది. "అసైన్‌మెంట్ పెట్టనే లేదు. సున్నా వేసి పారేస్తాను."

"ఇంకా అయిదవలేదు కదా మేడమ్?"

"ఇన్నాళ్లూ పెట్టనిది పది నిమిషాల్లో పెడుతుందా?"

"సున్నా యేస్తే ఆ పిల్లకి ఏటవుద్ది?"

"వచ్చే నెల కంపెనీలవాళ్లు ఉద్యోగాలిస్తామని వస్తారు. ఏ పీరియడ్లో సున్నా ఉన్నా ఇంటర్వ్యూకి కూర్చోనివ్వరు. అప్పుడొస్తుంది బుద్ధి."

"మేడమ్, ఆ పిల్ల ఏటంటే..."

"అబ్బా, చెయ్యి దించకండి! ఇంటి దగ్గర అడిగేవాళ్లుంటే ఇలా తయారవుతారా వీళ్లు?"

దిగిన అతని చెయ్యి మళ్లీ పైకి లేచింది.

ఆవిడ సున్నా కొట్టింది. 'ముగించు' అన్నచోట నొక్కింది. అయిదు కాకుండానే ఆ క్లాసుకి పీరియడ్ మూతపడింది.

"అందరివీ ఎక్కినాయా మేడమ్?"

"ఆఁ, ఎక్కాయి."

"పోన్లెండి."

అతను ఫోన్ని చొక్కాకి తుడుచుకుని జేబులో పెట్టుకున్నాడు. రోడ్డు మీదికి దిగి, వచ్చే బండికల్లా చెయ్యెత్తుతున్నాడు. ఒక ఆటో ఆగింది. అందులో ఒక్కరికే చోటుంది. వెనకాలే పరుగున వచ్చిన అనూరాధ ఎక్కేసింది.

అతని పేరైనా అడగలేదు.

మర్నాడు క్లాసులో శ్రావణి కాగితాలు పట్టుకుని లేచి నిలబడింది.

"రాసేశాను మేడమ్. పెట్టలేకపోయాను."

"అందరూ పెట్టారు. నీకొక్కదానికే ఏమొచ్చింది మాయరోగం?"

క్లాసు కిసుక్కుమంది.

"మా ఇంట్లో ఒకటే ఫోను మేడమ్. పన్లోకి రమ్మని కబురు దానికే వస్తాదని నాన్న పట్టుకెళ్తాడు. నిన్న బేగి తెచ్చిస్తానన్నాడు. నేను కాగితాలు పట్టుకుని బస్సు కాంప్లెక్స్ కాడే నిలబడ్డాను. అయిదు దాటిపోయినాకొచ్చాడు."

"ఎందుకట?"

"శృంగవరపుకోట నుంచి వస్తంటే బస్సు పాడైపోయిందంట."

అనూరాధ చేతిలో మార్కర్ ఆగిపోయింది.

"వేరే... బస్సు రాలేదా?"

"వచ్చింది మేడమ్. నాన్నే ఎక్కలేదంట. ఎవరో మేడమ్‌కి నెట్ ఇచ్చాడంట. తను ఎక్కేస్తే క్లాసు పిల్లలందరి మార్కులూ పోతాయని ఉండిపోయాడంట."

వెనక బెంచీల్లో ఇంకా ఎవరో నవ్వుతున్నారు. ఆ నవ్వు తన మీదే అనిపించింది అనూరాధకి. కిటికీ బయటికి చాపిన సిమెంటు చెయ్యి కళ్లముందే ఉంది. ఆ చెయ్యి దించొద్దని తను కసిరిన మాటలు చెవుల్లో ఉన్నాయి. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

గబగబా లాప్‌టాప్ తెరిచింది. మొదటి పీరియడ్. శ్రావణి. సున్నా. పక్కనే తాళం బొమ్మ. దాన్ని నొక్కింది. మళ్లీ నొక్కింది. అది కదల్లేదు.

"ఆ మేడమ్ ఎవరో... మీ నాన్న చెప్పలేదా?" అడిగింది అనూరాధ.

"నేనూ అడిగాను మేడమ్" అంది శ్రావణి. "'ఎవలో తెల్దమ్మా, పిల్లల కోసం సానా ఆరాటపడిపోనాది, మంచి మేడమే' అన్నాడు నాన్న."