మెలకువ మాట ఎవరిది?

వాగు ఒడ్డున తుంగపొదల్లో బాతులు గుడ్లు పెట్టుకునేవి. మధ్యాహ్నం అవి కునుకు తీయగానే ముంగిస వచ్చి గుడ్లు తినిపోయేది. మూడుసార్లు గుడ్లు పోగొట్టుకున్న పైడమ్మ బాతు ఒకరోజు పక్కగూటి బాతుతో, "మెలకువ, వదినా!" అంది. అప్పట్నుంచి బాతులన్నీ ఆ మాటతోనే ఒకదాన్నొకటి హెచ్చరించుకుంటూ వంతులేసుకుని కాపలా కాశాయి.

ఆ మాట నెమలికి తెగ నచ్చింది. "నేనూ మెలకువే!" అంటూ పింఛం విప్పుకుని ఊరేగింది. కాపలాకి రమ్మంటే మాత్రం ఈకలు మాసిపోతాయంది.

ముంగిసకి సందు దొరికింది. ఎవరు నోరు విప్పినా, "అబ్బో, మెలకువగారొచ్చారు!" అని వెక్కిరించేది. కొంగలు పకపకా నవ్వేవి. ఎండ మండిపోతోందని కప్ప గొణిగినా, "నీకూ అంటుకుందా మెలకువ జబ్బు?" అనేవి. చివరికి ఆ మాట అనడానికి బాతులకే సిగ్గేసింది.

అప్పుడు ముంగిస పంచాయితీ పెట్టింది. "అసలు మెలకువంటే ఏమిటి? తలా ఒక అర్థం చెబుతున్నారు. ఆ మాట మానేస్తే గొడవే ఉండదు" అంది. అర్థం దగ్గర నెమలీ కొంగా పోట్లాటకి దిగాయి.

పైడమ్మ గుడ్ల మీంచి లేవకుండానే అంది: "మా అర్థం చిన్నదే నాయనా. నువ్వొస్తున్నావని! అంత కష్టంగా ఉంటే ఆ మాట నువ్వే పట్టుకుపో."

"మరి మీరో?"

"మేం నిద్రపోం."

ముంగిస మాటైతే గెలుచుకుంది గానీ, ఆ పూట పస్తే పడుకుంది.