మూడో సైరన్

డ్యామ్ గేట్లెత్తే ముందు దిగువ ఊళ్లకు మూడుసార్లు సైరన్ కొట్టాలి. ఆ రాత్రి ఆపరేటర్ ఫిరోజ్ రెండోది కొట్టి ఆగాడు. దిగువన కుక్కలు మొరిగాయి. అది మామూలే. కానీ వెనకనుంచి, రిజర్వాయర్ నీళ్ల మీంచి, ఎవరో గిన్నెలు సర్దుకుంటున్న చప్పుడు వచ్చింది.

ఆ నీళ్ల అడుగున ఉన్నది అతని సొంతూరే. మొదటిసారి నీళ్లు నింపిన రాత్రి డ్యూటీ కూడా అతనిదే. ఊరంతా ఖాళీ చేసి పునరావాస కాలనీకి పోయిందనుకున్నాడు. నానమ్మ ఇల్లు వదల్లేక తిరిగెళ్లిందని ఆమె మునిగిపోయాకే తెలిసింది. ఎగువకు సైరన్ కొట్టాలని రూల్లో లేదు. విచారణలో అదే రాసిచ్చి ఉద్యోగం నిలబెట్టుకున్నాడు.

గిన్నెల చప్పుడు ఆగింది. ఫిరోజ్ వేలు బటన్ మీదే ఉంది. దిగువ ఊళ్లు మూడోదాని కోసం చూస్తున్నాయి.

"మూట కట్టుకున్నాన్రా ఫిరోజూ," అంది చీకట్లోంచి నానమ్మ గొంతు. "ఆ మూడోది కూడా కొట్టు. వస్తన్నా."