పావుగంట లెక్క

ఆపరేటరుకు దేవుడు అన్నీ సవ్యంగానే ఇచ్చాడు, బావమరిదిని తప్ప. కుర్చీ కనబడితే కునుకు తీసే రకం. రాత్రి డ్యూటీలో నిద్రపోయి మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ కీబోర్డును ఎవరో నొక్కుతున్నా చూసుకోలేదని ఆపరేటరే ఫిర్యాదు చేశాడు. రేపు వాడి ఉద్యోగం ఊడుతుంది. ఈ రాత్రి వాడి సీట్లో తనే కూర్చున్నాడు.

పావుగంటకోసారి యంత్రం తన మీద జరిగిన పని లెక్కలు రాసుకుని, కౌంటర్లను సున్నా చేసి మళ్లీ మొదలుపెడుతుంది. రెండుంబావుకు అన్నీ సున్నా అయ్యాయి. తలుపుకు లోపలి గడియ తనే వేశాడు. చేతులు ఒళ్లోనే ఉన్నాయి. అయినా కీబోర్డు నొక్కుల కౌంటరు ఒకటైంది. తర్వాత రెండు. టక్కుమన్న చప్పుడైనా లేదు.

బావమరిదికి ఫోన్ చేశాడు.

"ఎంతదాకా వచ్చింది బావా?" వాడి గొంతులో వెటకారం లేదు.

"తొమ్మిది... ఒరేయ్, నువ్వు నిద్రపోలేదు. తప్పు నాదేరా."