పొయ్యిలో పడ్డ పుట

ఇరాకీ హవల్దారు పుస్తకంలోంచి గుప్పెడు పుటలు చింపి, ఇటుకల మధ్య కుక్కి అగ్గిపుల్ల గీశాడు.

“వద్దు సామీ, అది బాబాది,” అంది సంజీవమ్మ.

బాబా అంటే ఆ ఇంటి యజమాని, డాక్టరు. సైన్యం కువైట్‌లోకి వచ్చిన మర్నాడే, జాబ్రియాలోని ఆ ఇంటిని పనిమనిషి సంజీవమ్మకూ డ్రైవరు మహమ్మద్ గౌస్‌కూ అప్పజెప్పి కుటుంబంతో సౌదీకి వెళ్లిపోయాడు. పోతూ పోతూ ఒకటే చెప్పాడు, ఇల్లు పోయినా పర్వాలేదు, పుస్తకం జాగ్రత్త అని. నాలుగు వందల ఏళ్ల కిందట ఇటలీలో ఒక వైద్యుడు కొండలూ గుట్టలూ తిరిగి, ఏ మొక్క బతికిస్తుందో ఏది చంపుతుందో బొమ్మలతో సహా రాసిపెట్టాడట. సంజీవమ్మకు చదువు రాదు. దుమ్ము దులుపుతూ బొమ్మలు చూసేది. ఉమ్మెత్త, ఆముదం కనబడితే సొంతూరి మనుషులు కనబడినట్టు సంబరపడేది.

గ్యాసు అయిపోయింది. ఇంట్లో జొరబడ్డ సైనికులకు ఫ్రీజర్‌లో మాంసం దొరికింది. వాళ్లలో ఒకడు గోడవార పూలచెట్ల కొమ్మలు నరికి, బెరడు గీకి, ఆ పుల్లలకు మాంసం ముక్కలు గుచ్చుతున్నాడు.

సంజీవమ్మ ఉండబట్టలేక పుస్తకం లాక్కుంది. గబగబా తిరగేసి, ఒక పుట హవల్దారు ముఖం ముందు పెట్టి “లా, లా” అంది, వద్దు వద్దని. ఆమె కువైట్‌కు వచ్చి మూడు నెలలు, అంతకు మించి అరబ్బీ రాదు.

“గౌసూ, నువ్వన్నా చెప్పు. ఈ బొమ్మ...”

తుపాకీ ఆమె మీదికి లేచింది. గౌస్ ఆమె నోరు మూశాడు.

“గమ్మునుండక్కా. పుస్తకం కోసం పానం పోగొట్టుకుంటావా?”

హవల్దారు ఆ పుటా చింపి మంటలో వేశాడు. ఆమెను వంటింట్లోకి తోసి గడియ పెట్టాడు. గౌస్‌ను మంట విసరమన్నాడు.

సంజీవమ్మ తలుపు బాదుతూనే ఉంది. వీధిలో ట్యాంకుల మోతకు ఆమె మాట ఒక్కటీ బయటికి వినబడలేదు.

“ఏమిటి దాని గోల?” అన్నాడు హవల్దారు.

“పుస్తకం పోయిందని ఏడుపు,” అని గౌస్ అరబ్బీలో సర్దిచెప్పాడు.

హవల్దారుకు జాలేసింది. అందరూ తిన్నాక మిగిలిన రెండు పుల్లలు గౌస్ చేతిలో పెట్టాడు.

గౌస్ గడియ తీసి లోపలికి వచ్చాడు. “పోనీలేక్కా, బాబాకు నేను చెప్తా. పాపం, పిలకాయలు మనకూ ఇచ్చినారు. తిను.”

“నువ్వు తింటివా?”

“ఇంగా లేదు. వాళ్లు తినినాకనే ఇచ్చిరి.”

సంజీవమ్మ రెండు పుల్లలూ లాక్కుని చెత్తబుట్టలో విసిరేసింది.

“నేను ఏడ్చింది పుస్తకం కోసం కాదు గౌసూ. వాడు కాల్చిన పుటలో ఉండేది ఈ పుల్లల చెట్టే. గన్నేరు.”