దోసిట్లో నీళ్లు

చెంచమ్మ గ్లాసు నిండా నీళ్లు తెచ్చి చాపింది.

ఆ పెద్దాయన గ్లాసు ముట్టుకోలేదు. చెప్పులు పక్కన విడిచి, వంగి దోసిలి పట్టాడు.

"ఎత్తి పొయ్యమ్మా," అన్నాడు.

ఆమె ఎత్తి పోసింది. ఆయన తాగి, తడి చేతులు ముఖానికి రాసుకుని, సంచీ భుజాన వేసుకుని ఇసుకలో రోడ్డు వైపు నడిచిపోయాడు.

అరుగు మీద కూర్చున్న చిన్నపోలయ్యకు ఒళ్లు మండింది.

"చూసినావా పొగరు? మన గ్లాసు ముడితే మైలపడతాడంట," అన్నాడు పెళ్లాం చెంచమ్మతో.

చిన్నపోలయ్య దిబ్బపాళేనికి కాపు, అంటే ఊరి పెద్ద. చేపల వేట మీద బతికే ఆ పల్లెలో కాపు మాట ముందు, పోలీసు మాట తర్వాత. కాపు దురాయి వేశాడంటే ఇక అంతే. ఎవరి మీద వేస్తే వాళ్లతో ఎవరూ మాట్లాడకూడదు, గిన్నె గ్లాసు ఇవ్వకూడదు, వాళ్ల పేరు కూడా ఎత్తకూడదు. కాదంటే తప్పు కింద డబ్బు కట్టాలి.

చిన్నపోలయ్య తండ్రి కాపుగా ఉన్నప్పుడు ఇది మరీ ఎక్కువ. ఏమనిపించిందో ఏమో, పోయే ముందు ఆ ముసలాయనే, నేను వేసినవన్నీ ఎత్తెయ్‌రా అన్నాడు. చిన్నపోలయ్య ఆ రోజే ఎత్తేసి ఊరంతా చాటించాడు. ఎవరి మీద ఏముందో అడగలేదు. ప్రాణం పోయే మనిషిని ఏమని అడుగుతాం?

ఈ పెద్దాయన మీద దురాయి మాత్రం చిన్నపోలయ్య సొంతంగా వేసింది, ఆ పొద్దున్నే. దాహానికి నీళ్లే కదా అని, పెళ్లాం గ్లాసు తెచ్చినప్పుడు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

కారణం లేకపోలేదు. ఊరి పక్కన పోర్టు వస్తోంది. ముందు కంపెనీ మనుషులు వచ్చి, కబుర్లు చెబుతూ ఎవరి ఇల్లు ఎప్పటిదో రాసుకుపోయారు. వెనకే ఖాళీ చేయమని నోటీసు వచ్చింది. ఇప్పుడు ఈ కళ్లద్దాల మనిషి వచ్చి, తుఫానుకు కొట్టుకుపోకముందు పాత పల్లె ఎక్కడుండేది, ఎవరెవరు ఉండేవాళ్లు అని అడిగితే ఎవరు నమ్ముతారు?

పేరేంది అని చిన్నపోలయ్య గట్టిగానే అడిగాడు. ఆయన చిన్నపోలయ్య ముఖంలోకి చాలాసేపు చూశాడు.

"కోట టౌను నుంచి వచ్చినా. పేరుదేముందిలే," అన్నాడు.

పేరు చెప్పనివాడు కంపెనీవాడు కాక మరెవరు?

ఆయన గడప గడపకూ తిరిగాడు. చేపలు ఎండేసే ఆడవాళ్లు కాకుల్ని తోలుతూ ముఖం తిప్పుకున్నారు. ముసలివాళ్లు అల్లుతున్న వల మీద నుంచి కళ్లెత్తలేదు. ఊరు తన మాట నిలబెట్టిందని చిన్నపోలయ్య మీసం మెలేశాడు.

ఏడాది తిరక్కముందే ఆ మీసం కిందికి దిగింది.

వ్యవహారం కోర్టుకెక్కింది. అదొక ఊరే కాదు, నిన్నా మొన్నా వేసుకున్న గుడిసెలని కంపెనీ వాదించింది. తాతల నాటి ఊరని చెప్పాలంటే చరిత్ర తెలిసిన మనిషి కావాలన్నాడు లాయరు. కోటలో తహీర్ గారున్నారు, ఆయన పుస్తకం చదివే జడ్జి ఇంకో పల్లెను కదిలించొద్దని తీర్పిచ్చాడు, వెళ్లి ఆయన కాళ్లు పట్టుకోండి అన్నాడు.

చిన్నపోలయ్య, కొడుకు శివ కోటకు వెళ్లారు.

తహీర్ గారు పోయి నెల అయిందట. భార్య షమీమ్ గడపలో నిలబడే చెప్పింది. ఏ ఊరని అడిగింది. దిబ్బపాళెం అనగానే ఆమె కళ్లు నిండాయి.

"ఇప్పుడా వచ్చేది?" అంది.

ఆఖరి రోజుల్లో ఆయన మాటలు వీడియో తీశారని, యూట్యూబులో ఉంది చూసుకోమని తలుపు మూసుకుంది. ఇక దిక్కెవరనుకుంటూ ఇద్దరూ వెనక్కి నడిచారు. ఆ మాటల్లోనైనా తమ ఊరి ఊసు ఉండకపోతుందా అని బస్టాండులో శివ ఫోన్ తీశాడు.

ఆ వీడియో తీసిన గంగాభవాని అనే అమ్మాయి చరిత్ర రాసేవాళ్లను పిలిచి, వాళ్ల జీవితం గురించీ పుస్తకాల గురించీ మాట్లాడిస్తుంది. ఆమె ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి చిన్నపోలయ్య బెంచీ అంచు పట్టుకున్నాడు. దోసిలి పట్టిన ఆ పెద్దాయనే.

బడి పంతులుగా చేస్తూ పుస్తకాల్లోకి ఎలా వచ్చిందీ ఆయన నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. రాయలేకపోయిన పుస్తకం ఏదైనా ఉందా సార్ అని ఆ అమ్మాయి అడిగింది.

"ఉంది. దిబ్బపాళెం."

శివ తండ్రి చేయి పట్టుకున్నాడు.

"పోర్టొచ్చి ఊరు లేచిపోతుందని తెలిసి పరిగెత్తినాను. పాత పల్లె యాడుండిందో నాకు తెలుసు. నేనొక్కణ్ణి చెబితే చాలదు, ఊరి నోటితో రావాల. ఎవరూ నోరిప్పలా. ఒక తల్లి మాత్రం గ్లాసుతో నీళ్లు తెచ్చింది. నేను ముడితే ఆమె తప్పు కట్టుకోవాల గదా. అందుకే దోసిలి పట్టినాను."

"మీ మీద వాళ్లకు అంత కోపం ఎందుకు సార్?"

ఆయన నవ్వబోయాడు. కుదరలేదు.

"కోపం కాదమ్మా, కట్టుబాటు. షమీమ్‌ను పెళ్లి చేసుకున్నానని అప్పట్లో నా మీద దురాయి వేసినారు. ఇన్నేళ్లయినా ఎత్తలేదని ఆ రోజు తెలిసింది. కాపు నా పేరడిగినాడు. ఏ పేరు చెప్పేది? నేను ఊరిడిచేనాటికి వాడు ఉయ్యాల్లో బిడ్డ. దురాయి వేసిందేమో మా నాయన. ఆ ఊళ్లో ఉండినన్నాళ్లూ నేను పెద్దపోలయ్యని."