కాగితం వాటం

“ఇది పుస్తకమా, పడవా?”

“వానాకాలం వస్తోంది, దాచుకో బాబూ!”

మధ్యాహ్నం అన్నాల వేళ, బైండింగు గదిలో ఒక మూల కూర్చుని, ఆమె ఫోనులో ఆ మాటలు చదివి పెదవి కొరుక్కుంది. పాత పుస్తకాలు బాగుచేసుకునేవాళ్ళ గ్రూపు అది. అందులో ఎవరూ అసలు పేర్లు పెట్టుకోరు. ఆమె పేరు సూది. ఇవాళ ఫొటో పెట్టినతని పేరు మొండికత్తి. అతను కొత్తగా అట్ట వేసిన పుస్తకం రెండు అంచులా పైకి లేచి, నిజంగానే పడవలా ఉంది.

కింద అతని జవాబు: “నవ్వుకోండి. రేపటి నుంచి నేనీ గ్రూపులో ఉండను.”

ఆమె అన్నం గిన్నె పక్కకు తోసింది. చెయ్యి కడుక్కుని వచ్చి గబగబా టైపు చేసింది. ‘అట్ట తప్పుగా’ అని రాసి, చెరిపేసింది.

“ఎవరే ఆ మొండికత్తి?” జిగురు కలిపే అక్క భుజం మీదుగా తొంగి చూసింది. “నెల రోజులుగా చూస్తున్నా, వాడి ఫొటో వస్తే నీకు అన్నం సహించదు. మొహమైనా చూశావా?”

“లేదక్కా. ఆయన చేతులే కనిపిస్తాయి.”

“అబ్బో! అప్పుడే ‘ఆయన’ దాకా వచ్చిందా?”

ఆమె నవ్వలేదు. ఫొటో పెద్దది చేసి, అట్ట అంచున, పాత గాటున్న బొటనవేలిని కాసేపు చూసింది. తర్వాత అతనికి విడిగా రాసింది.

“మీ కుట్టు చూశాను. ఒక్క దారం కూడా వదులుగా లేదు. నాకు అలా రాదు. అట్ట మాత్రం నాకూ చాలాసార్లు ఇలాగే లేచింది. కాగితానికి ఒక వాటం ఉంటుందండీ. కోసేముందు నిలువుగా ఓసారి, అడ్డంగా ఓసారి వంచి చూడండి. ఎటు తేలిగ్గా వంగితే ఆ మడత పుస్తకం వెన్ను పొడవునా రావాలి. గ్రూపు మాత్రం వదలకండి.”

“గ్రూపులోనే పెట్టొచ్చుగా? అందరికీ పనికొచ్చేది,” అంది అక్క.

“నలుగురిలో వద్దక్కా. ఒకసారి అలాగే చెప్పి, మనిషినే పోగొట్టుకున్నాను.”

అక్క జిగురు గిన్నె దగ్గరికి వెళ్ళిపోయింది.

మూడు రోజులు జవాబు రాలేదు. అచ్చు కాగితాల ఫారాలు మడుస్తూ, మడత మడతకీ ఆమె ఫోను చూసుకుంది. ఒక పుస్తకానికి ఫారం తలకిందులుగా కుట్టి యజమాని చేత చీవాట్లు తింది.

నాలుగో రోజు ఫొటో వచ్చింది. పుస్తకం బల్లకు అతుక్కుపోయినట్టు చదునుగా ఉంది.

“మీరు చెప్పినట్టే చేశానండీ. కుదిరింది. తప్పు నాదేనని తెలిసినా మనసు నొచ్చుకోలేదు. ఇలా చెప్పేవాళ్ళుంటే ఎన్నయినా వింటాను.”

ఆ చివరి మాట ఆమె నాలుగైదుసార్లు చదువుకుంది. అంతలో ఇంకొకటి వచ్చింది.

“మీ అసలు పేరేమిటండీ?”

ఆమె పేరు రాసింది. మూడే అక్షరాలు. చాలాసేపు చూసి, ఒక్కొక్కటే చెరిపేసింది. ‘సూది అనండి, చాలు’ అని పంపింది.

“అలాగే సూదిగారూ. రేపు ఇంకోటి కుడుతున్నాను. తప్పులుంటే చెప్పాలి మరి.”

“పిచ్చి మొద్దూ!” అక్క ఆమె నెత్తిన మొట్టింది. “అడక్క అడక్క అడిగితే పేరు చెప్పవేం?”

“చెబితే మళ్ళీ మాట్లాడరక్కా.”

“పేరు విని పారిపోయే మగాణ్ణి నేనెక్కడా చూళ్ళేదే!”

ఆమె ఫోను ఒళ్ళో పెట్టుకుని, ‘సూదిగారూ’ అని ఉన్న చోట వేలితో మెల్లగా తడిమింది.

బొటనవేలి మీద అదే గాటున్న నాన్న ఆమెతో మాట్లాడి నాలుగేళ్ళయింది.